ఒడ్డునే సగం సర్ఫింగ్!

నీళ్లలో దిగనిదే ఈత రాదంటారు పెద్దలు. అలల మీద నిలబడి దూసుకుపోయే సర్ఫింగ్‌కు మాత్రం ఆ మాట సగమే వర్తిస్తుంది. సముద్రం మీద రెప్పపాటులో చేసే విన్యాసాలను ప్రపంచ ఛాంపియన్లు సైతం ముందు నేల మీదే సాధన చేస్తారు మరి. స్కేట్‌బోర్డు, ట్రాంపొలీను, ఓ చాప, ఓ సుద్దముక్క... చివరికి మన సూర్య నమస్కారాలు కూడా అందుకు పనికొస్తాయి!

టీవీలో చూస్తే ఎంత సులువో అనిపిస్తుంది. కొండంత అల లేస్తుంది. దాని ముందు ఓ మనిషి పలక మీద నిలబడి అటూ ఇటూ వంపులు తిరుగుతూ జారిపోతుంటాడు. అల విరిగేలోపు గాల్లోకి ఎగిరి, మళ్లీ నీటి మీదే వాలతాడు. ఆహా, రోజంతా ఇలా ఆడుకోవచ్చన్నమాట అనుకుంటాం.

అసలు సంగతి వేరు. సర్ఫర్ రోజంతా నీళ్లలో ఉన్నా అల మీద నిలబడేది కొద్ది నిమిషాలే. ప్రపంచస్థాయి సర్ఫర్లు పోటీలో ఎంతసేపు ఏం చేస్తారన్నది పరిశోధకులు లెక్కగట్టి 2006లో ప్రచురించారు. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీటిని వెనక్కి తోస్తూ ముందుకెళ్లడానికే దాదాపు 51 శాతం సమయం ఖర్చయిపోతోంది. మరో 42 శాతం కదలకుండా అల కోసం ఎదురుచూడటానికి. అల మీద సాగేది 4 శాతం లోపే! 2012లో వెలువడిన మరో అధ్యయనంలో ఈ వాటా 8 శాతంగా తేలింది. ఎలా చూసినా గంటసేపు నీళ్లలో నానితే దక్కేది రెండున్నర నుంచి అయిదు నిమిషాల ఆట. అదీ ఆరితేరినవాళ్లకు. కొత్తవాళ్లకైతే సెకన్ల లెక్కే.

ఇదే సర్ఫింగ్‌లో అసలు చిక్కు. క్రికెట్ నేర్చుకునే కుర్రాడు నెట్స్‌లో ఒకే షాట్‌ను పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందసార్లు కొట్టొచ్చు. బ్యాడ్మింటన్ కోచ్ ఒకే చోటికి వరసగా యాభై షటిళ్లు విసిరి ఆడించొచ్చు. సముద్రుడికి 'ఇందాకటి అలే ఇంకోసారి వెయ్యి' అని చెప్పగలమా? ఒక అల మరో అలలా ఉండదు. గాలి మారితే అసలు అలలే ఉండవు. ఏ విద్యయినా పదేపదే చేస్తేనే కదా పట్టుబడేది. ఆ అవకాశం సముద్రం ఇవ్వదు కాబట్టే సర్ఫర్లు నేలను ఆశ్రయించారు.

కాలిబాట మీద కెరటాలు

ఈ ఆలోచన ఈనాటిది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో 1950ల నాటికే సర్ఫింగ్ కుర్రకారుకు పిచ్చి. అలలు లేని రోజున ఏం తోచేది కాదు. దాంతో కొందరు చెక్కపలక కింద రోలర్ స్కేట్ల చక్రాలు బిగించి వీధుల్లో తిరగడం మొదలెట్టారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'సైడ్‌వాక్ సర్ఫింగ్'. అంటే, కాలిబాట మీద సర్ఫింగ్ అన్నమాట! ఇవాళ ఒలింపిక్స్ దాకా వెళ్లిన స్కేట్‌బోర్డింగ్ పుట్టింది ఇలాగే.

తొలినాళ్లలో ఆ చక్రాలు లోహంతోనో, గట్టి మట్టి మిశ్రమంతోనో చేసేవారు. చిన్న రాయి తగిలినా బోర్డు ఠక్కున ఆగి, మనిషి ఎగిరి అవతల పడేవాడు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే యువకుడు పాలీయురెథేన్ చక్రాలను తీసుకురావడంతో ఆ కష్టం తీరింది. చక్రం నేలను గట్టిగా పట్టుకోవడంతో బోర్డును ఎంత ఒంపు తిప్పినా జారకుండా ఉండేది. అలలాంటి మలుపులు నేలమీదా సాధ్యమయ్యాయి.

ఆ అవకాశాన్ని అందిపుచ్చుకున్నవాళ్లే శాంటా మోనికా ప్రాంతపు 'జెఫిర్' జట్టు కుర్రాళ్లు. టోనీ ఆల్వా, జే ఆడమ్స్, స్టేసీ పెరాల్టా వంటి వాళ్లు సముద్రంలో అలలు బాగుంటే సర్ఫింగ్ చేసేవారు, లేకపోతే స్కేట్‌బోర్డెక్కేవారు. హవాయి సర్ఫర్ లారీ బర్టిల్‌మన్ మోకాళ్లు బాగా వంచి, ఒక చేత్తో అలను తాకుతూ మలుపు తిరిగే తీరంటే వాళ్లకు వెర్రి అభిమానం. అచ్చం అలాగే వంగి, చేత్తో రోడ్డును తాకుతూ తిరిగేవారు. 1976-77లో కాలిఫోర్నియాను కరవు కమ్మేసింది. ఇళ్లలోని ఈత కొలనులు ఎండిపోయాయి. గుండ్రటి గోడలున్న ఆ ఖాళీ కొలనులు వీళ్ల కంటికి విరగబోయే అలల్లా కనిపించాయి! గోడల మీదకు దూసుకెళ్లి, అంచు దాటి గాల్లోకి ఎగరడం అక్కడే అలవాటైంది. తర్వాతి కాలంలో సర్ఫర్లు ఆ ఎగురుళ్లనే సముద్రంలోకి తీసుకెళ్లారు. అంటే, ముందు సముద్రం దగ్గర నేల నేర్చుకుంది. ఆ తర్వాత నేల దగ్గర సముద్రం నేర్చుకుంది!

1990ల మధ్యలో అదే తీరంలోని వెనిస్‌లో నీల్ కార్వర్, గ్రెగ్ ఫాక్ అనే ఇద్దరు సర్ఫర్లు మరో అడుగు వేశారు. మామూలు స్కేట్‌బోర్డు అలలా అనిపించడం లేదని, ముందు చక్రాలు పక్కలకు బాగా ఊగేలా ఓ ఇరుసును తయారుచేశారు. ఇప్పుడు 'సర్ఫ్ స్కేట్' అంటున్నది ఇలాంటి బోర్డులనే. కాలితో నేలను తన్నుకుంటూ వెళ్లక్కర్లేదు. భుజాలు, నడుము లయగా తిప్పుతుంటే బోర్డు తనంతట తానే ముందుకు సాగుతుంది. అల మీద వేగం పుంజుకునే కదలిక కూడా ఇంచుమించు ఇలాంటిదే. ముందు చూపు తిరగాలి, దాని వెంట భుజాలు, ఆ తర్వాత నడుము... చివరగా పాదాలు. ఈ వరస ఒంటికి పట్టాలంటే సముద్రంలో నెలలు పడుతుంది. ఖాళీ మైదానంలో ఒక్క సాయంత్రంలోనే వందసార్లు చేయొచ్చు.

రెప్పపాటులో లేవాలి

సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లను మొదట ఏడిపించేది మలుపులూ ఎగురుళ్లూ కాదు, లేచి నిలబడటం! దీన్నే 'పాప్ అప్' అంటారు. బోర్డు మీద బోర్లా పడుకున్నవాళ్లు అల తమను పైకెత్తి ముందుకు తోసిన క్షణంలోనే ఒక్క ఊపున లేచి నిలబడాలి. క్షణం ముందు లేస్తే అల దాటిపోతుంది. క్షణం ఆలస్యమైతే బోర్డు ముక్కు నీళ్లలో గుచ్చుకుని మనిషి పల్టీ కొడతాడు. 'ఇప్పుడు ఎడమకాలు పెట్టాలా, కుడికాలా' అని ఆలోచించే వ్యవధి ఉండదు. ఒంటికే తెలిసిపోవాలి.

అందుకే ఏ సర్ఫింగ్ బడికి వెళ్లినా తొలి పాఠం ఇసుకలోనే. బోర్డు ఆకారాన్ని ఇసుకలో గీసి, దానిమీద పడుకోబెట్టి పదేపదే లేపుతారు. అరచేతులు కింది పక్కటెముకల పక్కన ఆనించాలి. ఛాతీ పైకెత్తి, చేతులతో బలంగా నొక్కి, ముందు ఉండాల్సిన పాదాన్ని రెండు చేతుల మధ్యకు తెచ్చేయాలి. రెండో పాదం వెనక అడ్డంగా ఉండాలి. మోకాళ్లు వంగాలి. చూపు ముందుకే. ఇదంతా ఒకే కదలికలో, రెప్పపాటులో జరిగిపోవాలి.

ఈ వర్ణన వింటే ఎక్కడో చూసినట్టుంది కదూ! సూర్య నమస్కారాల్లో భుజంగాసనంలో ఛాతీ పైకెత్తుతాం. పర్వతాసనంలో నడుము లేపుతాం. అశ్వ సంచలనాసనంలో ఒక పాదాన్ని రెండు చేతుల మధ్యకు తెస్తాం. ఆ మూడింటినీ ఒక్క క్షణంలోకి కుదిస్తే దాదాపు పాప్ అప్ అయినట్టే. రోజూ సూర్య నమస్కారాలు చేసేవాళ్లకు తుంటి కీళ్లు, వెన్ను వదులుగా ఉంటాయి కాబట్టి ఈ విద్య త్వరగా పట్టుబడుతుంది.

నేలమీద చేసేటప్పుడే తప్పులు దిద్దుకోవాలి. చాలామంది ముందు మోకాలు ఆనించి ఆ తర్వాత లేస్తారు. ఇంకొందరు పాదాలు సరిగ్గా పడ్డాయో లేదోనని కిందికి చూస్తారు. మోకాలు ఆనితే సమయం మించిపోతుంది. తల దించితే ఒళ్లంతా ముందుకు వాలిపోతుంది. బైకు నడిపేవాళ్లకు తెలిసిన సూత్రమే ఇది. చూపు గుంత మీద ఉంటే బండి గుంతలోకే వెళ్తుంది! నాట్యం నేర్చేవాళ్లు వేదికెక్కేముందు ఏళ్లతరబడి అడుగులే సాధన చేసినట్టు, సర్ఫర్లకూ ఈ ఒక్క కదలిక నిత్యసాధన.

రెక్కల్లో సత్తువ

నీళ్లలో గడిపే సమయంలో సగం చేతులతో తోసుకోవడానికే పోతుందని చెప్పుకొన్నాం. అల ఎక్కాలంటే దాని వేగానికి కాస్తయినా దగ్గరగా మన బోర్డూ కదులుతుండాలి. లేదంటే అల మన కిందనుంచి జారుకుంటుంది. అంటే, ఆటంతా రెక్కల్లోని సత్తువ మీదే ఆధారపడి ఉందన్నమాట. చేతులు అలిసిపోయినవాళ్లు లేవడంలోనూ ఆలస్యం చేస్తారు. అలిసిపోయినవాళ్లు ఒడ్డుకు తిరిగి రావడమూ కష్టమే.

ఈ సత్తువ వ్యాయామశాలలో వస్తుందా? వస్తుందనే అంటున్నాయి పరిశోధనలు. పోటీల్లో పాల్గొనే సర్ఫర్లను పరీక్షించిన ఓ బృందం, తమ బరువుతో పోలిస్తే పుల్అప్స్‌లో ఎక్కువ బలం చూపినవాళ్లే నీటిలోనూ వేగంగా దూసుకెళ్తున్నారని 2012లో తేల్చింది. అయిదు వారాలపాటు బరువులతో గట్టి సాధన చేస్తే ఆ వేగం, దమ్ము రెండూ మెరుగుపడ్డాయని 2017లో మరో అధ్యయనం వెల్లడించింది. అప్పటికే బలంగా ఉన్నవాళ్లకన్నా బలహీనంగా ఉన్నవాళ్లకే అందులో ఎక్కువ మేలు జరిగింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి కబురేముంటుంది!

ఛాతీ పైకెత్తి గంటలకొద్దీ బోర్లా పడుకోవడం వల్ల మెడ, నడుము పట్టేస్తాయి. భుజాలు నొప్పెడతాయి. భుజంగాసనం, శలభాసనం, ప్లాంక్ వంటివి వెన్నుకు బలాన్నిస్తాయి. కాళ్లకు మన పాతకాలపు బస్కీలు, చేతులకు దండీలు ఉండనే ఉన్నాయి. ఊళ్లో ఈత కొలను ఉంటే వారానికి రెండు మూడుసార్లు ఫ్రీస్టయిల్ ఈదడం అన్నిటికన్నా మేలు.

అంతర్జాతీయ స్థాయికి వెళ్లేకొద్దీ ఈ ఏర్పాట్లూ పెరుగుతాయి. సర్ఫింగ్ ఆస్ట్రేలియా సంస్థ 2012లో న్యూసౌత్‌వేల్స్‌లోని కాజువరీనాలో శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించింది. జిమ్‌తో పాటు ట్రాంపొలీన్లు, స్కేట్ ర్యాంపులు, స్పాంజి ముక్కలు నింపిన గుంతలు ఇలాంటిచోట కనిపిస్తాయి. గాల్లోకి ఎగిరి, ఒళ్లు తిప్పి, స్పాంజి మీద పడతారు. పడటం అలవాటయ్యాక, వాలడం నేర్చుకుంటారు.

నేల నేర్పలేనివి

అలాగని మేడమీద ఆర్నెల్లు సాధన చేసి నేరుగా సముద్రంలోకి దూకితే సర్ఫర్ అయిపోతారా? కాలేరు. నేలకూ కొన్ని పరిమితులున్నాయి.

గొట్టంలాంటి కర్రమీద పలక వేసి, దానిపై నిలబడి తూకం నిలుపుకొనే 'బ్యాలెన్స్ బోర్డు'నే తీసుకోండి. సర్ఫర్ల ఇళ్లలో తరచూ కనిపించే వస్తువిది. సంతులన శిక్షణపై అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఓ విశ్లేషణ 2016లో వెలువడింది. ఏ పరికరం మీద సాధన చేస్తే దానిమీదే నైపుణ్యం పెరుగుతుంది తప్ప, మరోదానికి అది పెద్దగా బదిలీ కాదని దాని సారాంశం. అంటే, బ్యాలెన్స్ బోర్డు మీద గంటసేపు నిలబడగలిగినవాళ్లు అల మీదా నిలబడతారన్న హామీ లేదు. అది కాళ్లకు వ్యాయామమే కానీ అలకు ప్రత్యామ్నాయం కాదు. అందుకే నేలమీద చేసేది అల మీద చేసేదానికి ఎంత దగ్గరగా ఉంటే అంత ప్రయోజనం.

ఏ అల ఎక్కడ విరుగుతుంది? ఎక్కడ నిలబడి కాచుకోవాలి? ఏది వదిలేయాలి? ఇవి నేల చెప్పదు. ఒడ్డున కూర్చుని గమనిస్తే కొంత తెలుస్తుంది. అలలు వరసలు వరసలుగా వస్తాయి. మధ్యమధ్యలో విరామం ఉంటుంది. అటూ ఇటూ అలలు విరుగుతున్నా మధ్యలో ఓ చోట మాత్రం నీరు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే మురిసిపోకూడదు. ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి లాక్కెళ్లే ప్రవాహం అదే కావచ్చు. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా ఈది బయటపడాలి. సర్ఫింగ్ చేయనివాళ్లూ గుర్తుంచుకోవాల్సిన సంగతిది.

ఊపిరి బిగబట్టే సాధన విషయంలోనూ జాగ్రత్త తప్పనిసరి. నీళ్లలో దిగేముందు గబగబా ఊపిరి తీసి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తపన పుట్టేది దానివల్లే. ఆ హెచ్చరిక అందేలోపే ప్రాణవాయువు తగ్గి, నీటి అడుగునే స్పృహ తప్పొచ్చు. కొలనులో అయినా సరే, ఒంటరిగా ఈ ప్రయోగాలు చేయనేకూడదు.

మన తీరంలో మెరుపులు

ఈ శిక్షణకు లక్షలు పోయాల్సిన పనిలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్‌కు తొలిసారి చోటు దక్కింది. 2021లో జరిగిన ఆ పోటీల్లో పురుషుల స్వర్ణం గెలిచిన బ్రెజిల్ ఆటగాడు ఇటాలో ఫెరీరా చిన్నప్పుడు తొలి పాఠాలు నేర్చుకుంది చేపలమ్మే తండ్రి థర్మాకోల్ పెట్టె మూత మీద! ఫైనల్‌లో మొదటి అలకే బోర్డు విరిగిపోతే, మరో బోర్డు తెచ్చుకుని మరీ గెలిచాడతను.

అంతదూరం ఎందుకు? మన పొరుగునే ఉన్న మహాబలిపురం అమ్మాయి కమలీ మూర్తి చిన్నప్పుడే స్కేట్‌బోర్డెక్కింది. చెప్పుల్లేని కాళ్లతో, గౌనులో ర్యాంపు మీంచి దూసుకెళ్తున్న ఆ చిన్నారి ఫొటోను స్కేట్‌బోర్డింగ్ దిగ్గజం టోనీ హాక్ పంచుకోవడంతో అందరి దృష్టీ ఆమెపై పడింది. తల్లీకూతుళ్ల కథతో తీసిన 'కమలి' లఘుచిత్రం 2020లో బాఫ్టా అవార్డుకు నామినేట్ అయింది. ఆ తర్వాత కమలి జాతీయ సర్ఫింగ్ పోటీల్లోనూ విజేతగా నిలిచింది. నేలమీద నేర్చిన ఒడుపు నీటిమీద ఎంత అక్కరకొస్తుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

చెన్నై దగ్గరి కోవళంలో మత్స్యకారుడు మూర్తి మేగవన్ చొరవతో 2012లో సర్ఫింగ్ బడి మొదలైంది. పల్లెకారుల పిల్లలెందరికో అది దారి చూపింది. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల ఓపెన్ విభాగంలో రమేశ్ బుదిహాళ్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వ్యక్తిగత విభాగంలో మనదేశానికి అదే తొలి పతకం. 2026 ఐచి-నగోయా ఆసియా క్రీడల్లోనూ సర్ఫింగ్‌కు తొలిసారిగా చోటిచ్చారు.

మన విశాఖలోనూ రుషికొండ తీరంలో బోర్డులు పట్టుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. నిజానికి తెప్పమీద నిలబడి విరిగే అలల్ని దాటడం ఉత్తరాంధ్ర గంగపుత్రులకు తరాల విద్య. సముద్రాన్ని చదవడం వాళ్ల పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్లకు కావలసింది ఓ ర్యాంపు, ఓ బోర్డు, కాస్త శిక్షణ. హైదరాబాద్‌లోనో, కర్నూలులోనో ఉన్న పిల్లలకేమో సముద్రమే దూరం. కానీ మేడ ఉంది, మైదానం ఉంది, ఈత కొలను ఉంది. ఏడాదికోసారి బీచ్‌కి వెళ్లి నాలుగు రోజులు ఉండేవాళ్లు, అంతకుముందు నాలుగు నెలలు నేలమీద చెమటోడిస్తే ఆ నాలుగు రోజులూ పడిలేవడంతోనే సరిపోకుండా ఉంటాయి.

ఇంట్లో ఇలా మొదలుపెట్టొచ్చు

* ముందు ఏ పాదమో తేల్చుకోవాలి. నునుపైన గచ్చుమీద సాక్సులతో పరుగెత్తి జారి చూడండి. అప్రయత్నంగా ఏ పాదం ముందుంటే బోర్డు మీదా అదే ముందు. ఎడమ పాదం ముందుంటే 'రెగ్యులర్', కుడి పాదమైతే 'గూఫీ'. రెండూ సరైనవే.

* మేడమీద సుద్దముక్కతో బోర్డంత గీత గీసి, పైన చాప పరవండి. రోజూ పది పాప్ అప్‌లు చాలు. అలసిపోయి తప్పుగా చేసే యాభై కన్నా శ్రద్ధగా చేసే పదే మేలు. సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకుంటే తప్పులు వాటంతటవే కనిపిస్తాయి.

* సర్ఫ్ స్కేట్ చేసేవాళ్లు హెల్మెట్, మోకాళ్లకూ మోచేతులకూ మణికట్లకూ రక్షణ కవచాలు తప్పనిసరిగా వేసుకోవాలి. నీళ్లలో పడితే తడుస్తాం. కాంక్రీటు మీద పడితే ఎముకలు విరుగుతాయి. వాహనాలు తిరిగే రోడ్లు, ఏటవాలు దారులు అసలు వద్దు.

* వెన్నునొప్పి, భుజంనొప్పి ఉన్నవాళ్లు వైద్యుల సలహా తీసుకున్నాకే బరువులు, దండీల జోలికి వెళ్లాలి.

* తీరానికి వెళ్లాక నీళ్లలో దిగేముందు కనీసం పావుగంట అలల్ని గమనించండి. తొలిసారి శిక్షకుల సమక్షంలో, నడుం లోతు నీళ్లలో, మెత్తటి ఫోమ్ బోర్డుతోనే ప్రయత్నించాలి.

* అన్నిటికన్నా ముందు ఈత రావాలి. దానికి మాత్రం చాపా, సుద్దముక్కా పనికిరావు. నీళ్లలో దిగనిదే ఈత రాదన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా నిజం!